లోహపు అలసటను లెక్కించిన వోలర్

1842 మే 8వ తేదీన ఫ్రాన్సు దేశమందు వెర్సాయి నుండి పారిసునకు పోవుచున్న రైలుబండి ఇంజను ఇరుసు విరిగెను. పెట్టెలు ఒకదానిపై నొకటి పడి, నిప్పంటుకొని, ఏబదిమందికి పైగా మరణించిరి. ఇనుము ఒక్కసారిగా మోయగల గరిష్ఠభారమునకు లోబడి వాడినచో ఇరుసునకు భయము లేదని పలువురు నమ్మిన కాలమది. ఆ నమ్మకమందలి లోపమును ప్రయోగములచే నిరూపించినవాడు జర్మను ఇంజనీరు ఔగుస్ట్ వోలర్.

ఆయన 1819 జూన్ 22వ తేదీన సోల్టావు పట్టణమున జన్మించెను. హానోవరులో సాంకేతికవిద్య నభ్యసించి, బెర్లినునందలి బోర్సిగ్ కర్మాగారమున అనుభవము గడించి, 1847లో దిగువ సైలీషియా రైలుమార్గపు కొలువున చేరెను. ఓడర్ నదీతీరమందలి ఫ్రాంక్‌ఫర్టు ఆయన కార్యక్షేత్రమయ్యెను.

బండి నడచునపుడు ఇరుసుపై నిజముగా పడు ఒత్తిడి యెంత? వోలర్ మొదట దీనినే తెలిసికొన నెంచెను. ఇరుసు వంగినప్పుడెల్ల ఒక సూది జింకు పలకపై గీత గీయునట్లు అమర్చి, బండ్లను నడిపించి, ఆ గీతలను కొలిచెను. పిమ్మట ఇరుసులను యంత్రమున బిగించి, బరువు వ్రేలాడగట్టి, విరుగువరకు త్రిప్పించెను. బరువునకు వంగియున్న ఇరుసు తిరుగునపుడు దాని పైపొర ఒకసారి సాగును, మరుక్షణమే నొక్కుకొనును. ఒక్కొక్క చుట్టు ఒక్కొక్క పరీక్షయే.

1870 వరకు సాగిన ఈ కృషివలన నాలుగు సత్యములు వెల్లడియయ్యెను. ఒక్కసారికి హాని చేయని ఒత్తిడియే లక్షలసారులు కలిగిన లోహమును విరుచును. ఒత్తిడి తగ్గినకొలది లోహపు ఆయువు పెరుగును. ఇనుము, ఉక్కులయందు ఒక హద్దునకు దిగువను విరుగుటయే కానరాదు. గరిష్ఠభారముకంటె హెచ్చుతగ్గుల నడిమి వ్యత్యాసమే ముఖ్యము.

అయితే బండిపై బరువు ఎల్లప్పుడు ఒక్కరీతిగా నుండదు. ఈ చిక్కునకు 1924లో పామ్‌గ్రెన్, 1945లో మైనర్ ఒక సులభమైన లెక్క చూపిరి. లక్ష చుట్లకు విరుచు ఒత్తిడి క్రింద ఇరువదియైదువేల చుట్లు తిరిగినచో ఆయువున నాలుగవవంతు వ్యయమైనది. పదివేల చుట్లకు విరుచు ఒత్తిడి క్రింద ఐదువేలు తిరిగినచో మరి సగము పోయినది. ఇక మిగిలినది నాలుగవవంతే. భారములు వచ్చు క్రమమునుబట్టి ఫలితము మారును గనుక ఇది ఉజ్జాయింపు మాత్రమే. అయినను భాగమును ఎప్పుడు మార్చవలెనో ముందుగా ఊహించుటకు దారి యేర్పడెను.

వోలర్ 1914 మార్చి 21వ తేదీన హానోవరులో పరమపదించెను. ఒత్తిడికిని ఆయువునకును గల సంబంధమును చూపు వక్రరేఖ నేడు ఆయన పేరనే పిలువబడుచున్నది. విరుగక నడచు ప్రతి ఇరుసు వెనుకను ఆ రేఖ యున్నది.