నేరముద్రను చెరిపిన నివేదిక: మాడభూషి అనంతశయనం అయ్యంగార్



ఏటా ఆగస్టు 31ని మనం విముక్త దినంగా జరుపుకుంటున్నాం. 1952లో ఆ రోజునే నేరస్థ తెగల చట్టం దేశమంతటా రద్దయింది. ఆ రద్దు వెనుక ఒక నివేదిక ఉంది. దాన్ని తయారుచేసిన విచారణ సంఘానికి అధ్యక్షత వహించిన మనిషి మన తిరుపతి పక్కనున్న తిరుచానూరులో పుట్టారని మన పిల్లల్లో చాలామందికి తెలియదు. ఆయన మన తెగవారు కాదు, మన తండాల్లోనో కాలనీల్లోనో పెరిగినవారూ కాదు. అయినా చేతిలో ఉన్న పనిని ఆయన శ్రద్ధగా చేసినందువల్ల లక్షలమంది మెడ మీది కాడి దిగింది. అందుకే ఈ సంచికలో ఆయన్ను తలచుకుంటున్నాం.

లెక్కల మాస్టారు నుంచి స్పీకర్ దాకా

మాడభూషి అనంతశయనం అయ్యంగార్ 1891 ఫిబ్రవరి 4న పుట్టారు. మద్రాసులో చదువుకున్నారు. 1912లో లెక్కల మాస్టారుగా ఉద్యోగం మొదలుపెట్టారు. తర్వాత న్యాయవాది అయ్యారు. గాంధీజీ సహాయ నిరాకరణకు పిలుపునిచ్చినప్పుడు ఏడాదిపాటు కోర్టుకు వెళ్లడం మానేశారు. స్వాతంత్య్ర పోరాటంలో జైలుకూ వెళ్లారు.

1934లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. అప్పుడు అధికారమంతా తెల్లవాళ్ల చేతిలో ఉండేది. సభ్యుడికి మంత్రి పదవి లేదు, నిధులు లేవు. ఉన్నదల్లా ప్రశ్న అడిగే హక్కు. ఆయన ఆ ఒక్క హక్కునే పూర్తిగా వాడుకున్నారు. బడ్జెట్ కాగితాలు శ్రద్ధగా చదివి, అంకెలు పట్టుకుని ప్రభుత్వాన్ని నిలదీసేవారు. ఆ దూకుడు చూసి ఒక యూరోపియన్ రచయిత ఆయన్ను ఎండెన్‌తో పోల్చారు. 1914లో మద్రాసు మీద గుండ్లు కురిపించిన జర్మన్ యుద్ధనౌక అది. లెక్కల మాస్టారి చదువు అక్కడ అలా పనికొచ్చింది.

స్వాతంత్య్రం వచ్చాక రాజ్యాంగ సభలో సభ్యులుగా ఉన్నారు. 1948లో డిప్యూటీ స్పీకర్ అయ్యారు. 1952లో తిరుపతి నుంచి, 1957లో, 1962లో చిత్తూరు నుంచి లోక్‌సభకు గెలిచారు. 1956లో మావలంకర్ మరణించాక స్పీకర్ పదవి చేపట్టి 1962 దాకా కొనసాగారు. తర్వాత బీహార్ గవర్నర్‌గా పనిచేశారు. 1978 మార్చి 19న కన్నుమూశారు.

మన తాతలు మోసిన చట్టం

ఇన్ని పదవుల మధ్య మనకు ముఖ్యమైంది 1949లో ఆయనకు అప్పగించిన ఒక పని. అదేమిటో తెలియాలంటే ముందు ఆ చట్టం ఎలాంటిదో తెలియాలి.

1871లో ఉత్తర భారతంలో మొదలైన నేరస్థ తెగల చట్టం 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. మనిషి ఏం చేశాడన్నది చూడకుండా ఏ తెగలో పుట్టాడన్నది చూసి పేరు రాసుకునేవారు. వేలిముద్రలు తీసుకునేవారు. చెప్పిన వేళకు వచ్చి హాజరు వేయించుకోవాలి. పక్క ఊరికి పెళ్లికి పోవాలన్నా పోలీసుల అనుమతి కావాలి. స్టూవర్టుపురం, సిద్ధాపురం, కప్పరాళ్లతిప్ప లాంటి సెటిల్‌మెంట్లకు కుటుంబాలకు కుటుంబాలను తరలించారు. ఎరుకల, యానాది, సుగాలి కుటుంబాలు కొన్ని జిల్లాల్లో కొన్ని కాలాల్లో ఈ జాబితాల్లో చిక్కుకున్నాయి. బుట్టలల్లి, ఉప్పు మోసి, చేపలు పట్టి బతికినవాళ్ల మీద ప్రభుత్వమే దొంగ అని ముద్ర వేసింది.

వెన్నెలకంటి రాఘవయ్య లాంటివారి పోరాటంతో మద్రాసు రాష్ట్రం 1947లోనే ఈ చట్టాన్ని రద్దు చేసుకుంది. మిగతా రాష్ట్రాల్లో మాత్రం అది నడుస్తూనే ఉంది.

1949లో భారత ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసి అయ్యంగారును అధ్యక్షుణ్ణి చేసింది. విచారణ సంఘాలు వస్తాయి, నివేదికలు బీరువాల్లో చేరతాయి. ఈ సంఘం చట్టం అమలు తీరును పరిశీలించి, పుట్టుకను బట్టి నేరం అంటగట్టే చట్టం ఉండకూడదని, దాన్ని దేశమంతటా ఎత్తేయాలని, ఆ తెగల బతుకుతెరువుకు, పునరావాసానికి ప్రభుత్వం ఖర్చు పెట్టాలని 1950లో సిఫారసు చేసింది. రెండేళ్లకు రద్దు అమల్లోకి వచ్చింది.

ఒక సంగతి దాచకూడదు. తెగను బట్టి కాకుండా మనిషిని బట్టి వర్తించే అలవాటు నేరస్థుల చట్టం ఉండాలని కూడా ఆ సంఘమే చెప్పింది. కాగితం మీద అది న్యాయంగానే కనిపించినా, పాత అనుమానం చాలాచోట్ల కొత్త చట్టం చాటున బతికింది. చట్టం పోయినంత త్వరగా చూపు మారలేదు. ఇప్పటికీ ఊళ్లో దొంగతనం జరిగితే ముందు మన కాలనీ వైపే చూసేవాళ్లున్నారు. అంటే ఆ నివేదిక సగం పని చేసింది. మిగతా సగం మన మీద ఉంది.

మన కుర్చీ నుంచి మనం

పెద్ద పదవి వస్తే అప్పుడు మంచి చేద్దాం అనుకునేవాళ్లకు అయ్యంగారి జీవితంలో జవాబుంది. ఆయన స్పీకర్ అయ్యాక ఈ పని చేయలేదు. అంతకు ఆరేళ్ల ముందే చేశారు. అధికారం లేనప్పుడు ప్రశ్న అడిగారు. సంఘం అప్పగిస్తే నివేదిక రాశారు.

మనలో సచివాలయంలో పనిచేసేవాళ్లున్నారు. కులధ్రువీకరణ కోసం పదిసార్లు తిరిగిన సత్యవేడు, సూళ్లూరుపేట వైపు యానాది తల్లికి మొదటిసారే ఏ కాగితాలు తేవాలో రాసిస్తే చాలు, నాలుగు రోజుల కూలి మిగులుతుంది. కానిస్టేబుల్‌గా ఉన్న తమ్ముడు స్టేషన్‌కు వచ్చిన ఎరుకల మనిషిని కూర్చోబెట్టి మాట్లాడితే పక్కవాడి చూపూ మారుతుంది. ఆశ్రమ పాఠశాలలో వంట చేసే అక్క బడి మానేసిన పిల్ల పేరు మాస్టారికి గుర్తుచేస్తే ఆ పిల్ల తిరిగి రావచ్చు. అంగన్‌వాడీలో, ఆసుపత్రిలో, బస్సులో, కొండ మీది ఉద్యోగంలో, ఎక్కడున్నా ఇలాంటి అవకాశం రోజుకొకటి ఎదురవుతుంది.

ఈ ఆగస్టు 31న పెద్దల పేర్లు తలచుకుందాం. దానితోపాటు ఒక్కొక్కరం మన పనిచోట మన చేతిలో ఉన్నదేమిటో ఒక కాగితం మీద రాసుకుందాం. వచ్చే ఏడు సభకు ఆ కాగితం తీసుకురండి. అందులో ఎంత చేశామో ఒకరికొకరం చెప్పుకుందాం.