డెబ్భయ్యేళ్ళ వయసులో మద్రాసు వచ్చిన పంతులమ్మ – మరియా మాంటిసోరి

విదేశాల్లో ఉన్న మన తెలుగు కుటుంబాల్లో 'మాంటిసోరి' అన్న మాట వినని వాళ్ళు తక్కువ. పిల్లలకి మూడో ఏడు రాగానే ఇంటికి దగ్గర్లో మాంటిసోరి బడి ఎక్కడుంది, ఫీజు ఎంత, వెయిటింగ్ లిస్ట్ ఎంత అని వాకబు మొదలుపెడతాం. కానీ అది ఒక మనిషి పేరనీ, ఆవిడ దాదాపు డెబ్భయ్యేళ్ళ వయసులో మద్రాసు వచ్చి, తన చివరి సంవత్సరాల్లో ఎక్కువ భాగం మన దేశంలోనే గడిపారనీ చాలామందికి తెలియదు.

నేనుండేది యాంగోన్‌లో, హ్లైంగ్ నది పక్కనున్న చిమిండైంగ్‌లో. పాత పుస్తకాల్లో కెమ్మెండైన్ అని కనిపించేది ఈ పేటే. మా అమ్మాయి వెళ్ళే చిన్నపిల్లల బడిలో బర్మా, కరెన్, చైనా, తమిళ, తెలుగు పిల్లలు ఒకే చాప మీద కూర్చుంటారు. మీ ఊళ్ళో బడి కూడా దాదాపు ఇలాగే ఉండి ఉంటుంది. ఏడాదికొకసారి 'కల్చర్ డే' పెడతారు. మనం పిల్లకి పట్టులంగా తొడిగి, డబ్బాలో లడ్డూలు పెట్టి పంపుతాం. ఫొటోలు తీస్తారు. మర్నాటికి అంతా మామూలే. మూడేళ్ళ పిల్లకి పక్క పిల్ల సంస్కృతి పరిచయం కావడం అంటే ఇంతేనా? ఈ ప్రశ్నకి మంచి జవాబు మాంటిసోరి జీవితంలోనే ఉంది.

మరియా 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియరవల్లె అనే చిన్న ఊళ్ళో పుట్టారు. తండ్రి ప్రభుత్వోద్యోగి. ఆడపిల్ల చదివితే టీచర్ ఉద్యోగం కోసమే అనుకునే రోజుల్లో ఆవిడ మెడిసిన్ చదువుతానని పట్టుబట్టి, 1896లో రోమ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టర్ పట్టా పుచ్చుకున్నారు. ఇటలీలో డాక్టర్లయిన తొలి మహిళల్లో ఆవిడ ఒకరు. మానసికంగా వెనకబడ్డ పిల్లలతో పనిచేస్తూ, వాళ్ళకి కావలసింది మందుల కంటే చేతులతో చేసే పని అని గ్రహించారు.

1898లో ఆవిడకి మారియో అనే కొడుకు పుట్టాడు. తండ్రి ఆవిడతో పనిచేసిన డాక్టరే, కానీ పెళ్ళి జరగలేదు. ఆ రోజుల్లో ఆ సంగతి బయటపడితే ఆవిడ చదువూ ఉద్యోగమూ రెండూ పోయేవే. పిల్లాణ్ణి పల్లెటూళ్ళో ఒక కుటుంబానికి పెంపకానికి ఇచ్చారు. పదిహేనేళ్ళ వయసు దగ్గరపడ్డాకే అతను తల్లి దగ్గరికి చేరాడు. ఆ తర్వాత కూడా చాలాకాలం లోకానికి అతను కొడుకుగా తెలియదు. ఊళ్ళో పిల్లలందరినీ దగ్గరకు తీసుకున్న ఆవిడ సొంత బిడ్డని చూడాలంటే చాటుగా వెళ్ళవలసి వచ్చింది!

1907 జనవరి 6న రోమ్‌లో సాన్ లొరెంజో అనే పేదల వాడలో ఆవిడ తొలి 'పిల్లల ఇల్లు' మొదలైంది. తల్లిదండ్రులు కూలికి పోతే పిల్లలు గోడలు పాడుచేస్తున్నారని ఇళ్ళ కంపెనీ వాళ్ళు ఒక గది ఇచ్చారు, అంతే. అక్కడి పిల్లలు బొమ్మలు పక్కనపెట్టి, కొయ్య దిమ్మలతో, గరుకు కాగితంతో చేసిన అక్షరాలతో గంటల తరబడి పని చేసుకోవడం చూసి జనం ఆశ్చర్యపోయారు. కొద్ది ఏళ్ళలోనే ఆవిడ పేరు ఐరోపా, అమెరికాలకి పాకింది. 1931లో గాంధీగారు లండన్‌లో ఆవిడ నడుపుతున్న టీచర్ ట్రైనింగ్ కోర్సు చూడడానికి వెళ్ళారు.

తర్వాత రోజులు మారాయి. ముసోలిని మొదట ఆవిడని నెత్తిన పెట్టుకున్నాడు. తన మాటకి తలవంచరని తెలిశాక, 1934 నాటికి ఇటలీలో ఆ బడులు మూతపడ్డాయి. జర్మనీలో నాజీలూ అదే పని చేశారు. 1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం వచ్చి బార్సిలోనా కూడా వదలాల్సి వచ్చింది. ఒక దేశం తర్వాత ఇంకో దేశం వదులుతూ వెళ్ళిన ఆవిడకి ఒక విషయం బలంగా తోచింది: మనుషుల మధ్య శాంతి పెద్దవాళ్ళ ఒప్పందాలతో రాదు, చిన్నప్పుడే పునాది పడాలి. 1930లలో ఆవిడ ప్రసంగాల్లో చాలా భాగం దీని గురించే.

1939 నవంబర్‌లో దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షుడు అరండేల్, ఆయన భార్య రుక్మిణీదేవి పిలుపు మీద మాంటిసోరి, మారియో మద్రాసు వచ్చారు. మద్రాసు అప్పుడు మన ఆంధ్ర జిల్లాలకి కూడా రాజధాని. అడయారులో తాటాకు పాకల కింద క్లాసులు. మూడు వందల మందికి పైగా విద్యార్థులు. ఆవిడ ఇటాలియన్‌లో చెబితే మారియో ఇంగ్లీషులో చెప్పేవాడు. కొద్ది నెలలే ఉందామని వచ్చారు. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగడంతో ఇద్దరూ ఒక్కసారిగా శత్రుదేశస్థులయ్యారు. మారియోని అహ్మద్‌నగర్ శిబిరంలో పెట్టారు, ఆవిడ అడయారు దాటి వెళ్ళకూడదన్నారు. ఆగస్టు 31న, ఆవిడ డెబ్భయ్యో పుట్టినరోజు కానుకగా, వైస్రాయి మారియోని విడిచిపెట్టాడు. ఆ వర్తమానంలో అతన్ని ఆవిడ కొడుకు అని రాశారట. అన్నేళ్ళూ దాచుకున్న మాట పరాయి దేశంలో, పరాయి ప్రభుత్వం నోట బయటికి వచ్చింది.

ఇక్కడ రంగూన్ కథ కూడా చెప్పుకోవాలి. 1931 జనాభా లెక్కల్లో రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. రేవులో బరువులు మోసింది ఎక్కువగా మన తెలుగు కూలీలు. గోదావరి జిల్లా కోరంగి రేవు పేరు మీద వాళ్ళని 'కోరంగీలు' అనేవారు. బర్మా వాళ్ళూ, మనవాళ్ళూ ఒకే బజారులో కొన్నారు, అమ్మారు. కానీ ఎవరి పేట వారిది, ఎవరి బడి వారిది. 1930 మే నెలలో రేవు పని విషయంలో తగాదా వస్తే అది భయంకరమైన అల్లర్లుగా మారింది. చనిపోయిన వాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళే. 1942 మార్చిలో జపాన్ సైన్యం రంగూన్ పట్టుకుంది. లక్షలాది భారతీయులు కొండదారుల్లో కాలినడకన అస్సాం వైపు బయలుదేరారు, ఎందరో దారిలోనే పోయారు. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. మద్రాసు సగం ఖాళీ అయింది. మాంటిసోరి కొడైకెనాల్ కొండ ఎక్కింది ఆ ఏడే.

కొడైకెనాల్‌లో ఆవిడ, మారియో, శ్రీలంక నుంచి వచ్చిన లీనా విక్రమరత్నె కలిసి ఒక చిన్న బడి నడిపారు. అక్కడ చేరిన భారతీయ, విదేశీ కుటుంబాల పిల్లలు రకరకాల వయసుల వాళ్ళు, రకరకాల భాషల వాళ్ళు. చుట్టూ చెట్లు, చెరువు, పురుగులు, రాళ్ళు. భూమి అందరిదీ అన్న పెద్ద కథతో మొదలుపెట్టి, మనుషులందరికీ ఆకలి, చలి, నీడ ఒకటే, తీర్చుకునే తీరులే వేరు అనే దగ్గరికి పిల్లల్ని తీసుకువచ్చే పద్ధతి అక్కడే రూపు దిద్దుకుంది.

ఇంకో సంగతి ఆవిడ మన తల్లుల్ని చూసి గమనించారు. చంకలో బిడ్డతో బజారుకి, పొలానికి, గుడికి వెళ్ళే తల్లి వెంట ఆ బిడ్డ అన్నీ చూస్తుంది, అన్నీ వింటుంది. ఆరేళ్ళ లోపు పిల్లలు భాషనీ ఆచారాన్నీ పాఠంగా నేర్చుకోరు, చుట్టూ ఉన్న బతుకులోంచి పీల్చుకుంటారు. చీమని కూడా తొక్కకుండా నడిచే గుణం మన దేశంలో ఎలా వస్తుంది? ఎవరో బోధించి కాదు, మాటలు రాకముందే చూసి. పెద్దయ్యాక వచ్చిన విదేశీయుడు దాన్ని మెచ్చుకోగలడే కానీ అది అతని రక్తంలోకి రాదు. 1949లో మద్రాసులోనే అచ్చయిన ఆవిడ పుస్తకం 'ది అబ్సార్బెంట్ మైండ్' సారాంశం ఇదే.

అందుకే ఆవిడ బడిలో పిల్లలకి దేశాల పేర్లు వల్లె వేయించరు. ముందు ఒక గోళం చేతికిస్తారు. నేల గరుకుగా, సముద్రం నున్నగా తగులుతుంది. తర్వాత రంగుల గోళం, ఆ తర్వాత కొయ్య ముక్కల పటం. చెయ్యి తెలుసుకున్నాకే పేరు. మనుషుల విషయంలోనూ ఇదే వరస పాటించవచ్చు. బర్మా పిల్లలు బుగ్గలకి థనఖా పూసుకుని బడికి వస్తారు. ఆ చెక్కనీ, అరగదీసే రాతినీ, కాసిని నీళ్ళనీ బల్ల మీద పెడితే చాలు. మన పిల్ల తనే అరగదీస్తుంది. ఇంట్లో నాయనమ్మ గంధపు సాన గుర్తొస్తుంది. ఆ రెంటికీ చుట్టరికం ఎవరూ చెప్పక్కర్లేదు!

యుద్ధం అయ్యాక 1946లో యూరప్ వెళ్ళిన మాంటిసోరి, మళ్ళీ తిరిగి వచ్చి 1949 దాకా ఇక్కడ పనిచేశారు. ఆ ఏడు నుంచి వరసగా మూడేళ్ళు నోబెల్ శాంతి బహుమతికి ఆవిడ పేరు ప్రతిపాదించారు కానీ రాలేదు. 1952 మే 6న హాలెండ్‌లో, సముద్రం ఒడ్డున నూర్ద్‌వైక్‌లో కన్నుమూశారు. మూడేళ్ళకి, 1955లో, విజయవాడలో డాక్టర్ వి. కోటేశ్వరమ్మగారు మాంటిసోరి పేరు మీద బడి పెట్టారు. ఎన్ని వేల తెలుగు ఇళ్ళకి ఆ పేరు అలా చేరిందో!

వచ్చే ఏడు మీ పిల్లల బడిలో కల్చర్ డే అన్నప్పుడు పట్టులంగా తప్పకుండా తొడగండి, తప్పేం లేదు. దాంతోపాటు టీచర్‌ని అడిగి, ఊరినుంచి వచ్చిన అమ్మమ్మనో నాయనమ్మనో ఒక గంట కూర్చోబెట్టండి. భాష రాకపోయినా పరవాలేదు. పూలు మాల కట్టనివ్వండి, పిల్లల చేతికి దారం ఇవ్వనివ్వండి. నెలకొక ఇంటి నుంచి ఒక పెద్దావిడ వచ్చినా, ఏడాది తిరిగేసరికి ఆ పిల్లలకి పరాయివాళ్ళంటూ ఉండరు. రంగూన్ రేవులో మన తాతలకి దొరకనిది అదే.