రేడియో పాటకు వేల చేతుల తాళం

సూరత్‌కు దక్షిణాన ఉన్న వల్సాడ్ పాత పేరు బుల్సార్. ఆ ఊరి పేరే ఇంటిపేరైన పార్సీ కుటుంబంలో ఫరోఖ్ బుల్సారా 1946 సెప్టెంబరు 5న జాంజిబార్‌లో జన్మించారు. మహారాష్ట్రలోని పంచగనిలో చదువుకుని, లండన్‌లో క్వీన్ రాక్ బృంద గాయకుడిగా, ఫ్రెడ్డీ మెర్క్యురీ పేరుతో ప్రఖ్యాతులయ్యారు.

టెలివిజన్ వెల్లువలో రేడియో మరుగున పడుతుందేమోనన్న బెంగతో సహసభ్యుడు రోజర్ టేలర్ రచించిన ‘రేడియో గాగా’ 1984లో విడుదలైంది. 1985 జులై 13న లండన్ వెంబ్లీ స్టేడియంలోని లైవ్ ఎయిడ్ కచేరీలో మెర్క్యురీ ఆ పాట పాడగా, సుమారు 72 వేల మంది చేతులెత్తి పల్లవికి తాళం వేశారు. ఆ దృశ్యాన్ని దేశదేశాలకు చేర్చింది టెలివిజనే కావడం విశేషం.

ఎయిడ్స్ సోకిన మెర్క్యురీ 1991 నవంబరు 24న, 45 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన అనంతరం కూడా క్వీన్ కచేరీలలో ఆ పాటకు శ్రోతల తాళం ఆగలేదు.