సోదరి నివేదిత

ఐర్లండున 1867లో జన్మించిన మార్గరెట్ నోబుల్, స్వామి వివేకానందుని శిష్యురాలై, 1898లో కలకత్తా చేరి నివేదిత యను పేరు వహించెను.

1899లో ఆ నగరమున ప్లేగు మహమ్మారి ప్రబలెను. రామకృష్ణ మిషను సహాయసంఘమునకు ఆమె కార్యదర్శిని యయ్యెను. స్వామి సదానందుడు పనివారితో పేదల వాడలు శుభ్రము చేయించుచుండెను. నివేదిత ప్రబోధమున కొందరు విద్యార్థులును తోడైరి. ఒకనాడు బాగ్‌బజారులో ఆమెయే చీపురు పట్టి వీథి యూడ్వగా, చూచుచున్న యువకులు సిగ్గుపడి చీపురు నందుకొనిరి.

ఆ వాడలో ఒక పసివాడు ప్లేగు సోకి చెమ్మగిల్లిన గుడిసెలో పడియుండెను. నివేదిత తన యిల్లు విడిచి, రేయింబవళ్లు వానిని ఒడిలో నుంచుకొని సేవించెను; తానే నిచ్చెన యెక్కి గోడలకు సున్నము వేసెను. బాలుడు బ్రదుకడని తెలిసియు ఆమె సేవ సడలలేదు. వాడు ఆమె యొడిలోనే కన్నుమూసెను.

నివేదిత 1911లో డార్జిలింగున పరమపదించెను. పొరుగువాని యాపద తనదిగా నెంచుటయే ఆమె మనకు నేర్పిన పాఠము.