క్రిస్టీ బ్రౌను

ఐర్లండు దేశమునకు రాజధానియైన డబ్లిన్ నగరమున 1932 వ సంవత్సరము జూన్ 5 వ తేదీన క్రిస్టీ బ్రౌను జన్మించెను. తండ్రి పాట్రిక్ తాపీపనివాడు. తల్లి పేరు బ్రిజెట్. ఆ దంపతులకు 22 మంది బిడ్డలు కలిగిరి. వారిలో 13 మంది మాత్రమే దక్కిరి. క్రిస్టీ పదవవాడు.

బిడ్డకు నాలుగవ మాసము వచ్చుసరికి తల్లి యొక విషయమును గమనించెను. పాలు పట్టబోయినప్పుడెల్ల వాని తల వెనుకకు వాలిపోవుచుండెను. ఆమె తన అరచేతిని మెడవెనుక నుంచి తలను నిలుపును. చేయి తీయగనే తల మరల వాలిపోవును. కొలదికాలమునకు చేతులును, కాళ్లును, నోరును స్వాధీనములో లేవని తెలిసెను. మెదడునకు కలిగిన లోపమువలన కండరములు మనసు చెప్పినట్లు వినకపోవు ఈ స్థితిని సెరిబ్రల్ పాల్సీ అందురు. పెక్కుమంది వైద్యులు క్రిస్టీని బుద్ధిహీనునిగా నెంచి, ఆశ విడువుమని తల్లికి చెప్పిరి. ఆమె వారి మాటను అంగీకరింపలేదు. తక్కిన బిడ్డలతో సమానముగనే వానిని పెంచెను.

క్రిస్టీకి అయిదేండ్ల ప్రాయమున, డిసెంబరు మాసములో నొకనాడు, అక్క మోనా సుద్దముక్కతో పలకపై లెక్కలు వేసికొనుచుండెను. క్రిస్టీ తటాలున తన ఎడమకాలిని చాచి, ఆ సుద్దను వ్రేళ్ల నడుమ పట్టుకొనెను. ఇంటివారందరు నివ్వెరపడిరి. తల్లి వాని ప్రక్కన మోకరిల్లి, నేలపై ఇంగ్లీషు అక్షరములలో మొదటిదానిని వ్రాసి చూపెను. రెండు మారులు తప్పిన పిదప బాలుడు చెమటలోడ్చుచు దానిని వ్రాసెను. నాటినుండి ఆ పాదమే వానికి చేయియు, నోరును అయ్యెను. పిమ్మట కుంచె పట్టి చిత్రములు వేయ నేర్చుకొని, పండ్రెండవ యేట ఒక వార్తాపత్రిక నడిపిన చిత్రలేఖన పోటీలో బహుమతి పొందెను.

యౌవనమున రాబర్ట్ కాలిస్ అను శిశువైద్యుడు క్రిస్టీని వెదకికొని వచ్చెను. ఆయన తన బంధువైన ఐరీన్ కాలిస్ అను నిపుణురాలి యొద్దకు వానిని లండనునకు పంపెను. ఆమె పరీక్షించి, దేహస్థితి మెరుగుపడుటకు అవకాశము కలదనెను. కాని ఒక నియమము విధించెను: క్రిస్టీ ఇకమీదట ఎడమకాలిని ఉపయోగింపరాదు. ఆ పాదము మనసునకు మేలు చేసినను, దానిచే పని చేయించుటవలన దేహమంతయు మితిమీరిన శ్రమకు లోనగుచున్నదని ఆమె వివరించెను.

ఈ మాటకు బలమైన కారణము కలదు. ఇట్టి వ్యాధిలో ఒక అవయవమును కదల్పబూనినచో తక్కిన కండరములును బిగిసికొనును. మెడ తన యిచ్చ లేకయే తిరుగుచు, ముడుచుకొనుచు నుండును. అట్లు ఏండ్ల తరబడి జరుగుటచే పెద్దవయసు వచ్చిన కొందరిలో మెడయెముకలును, వాని నడుమనుండు మెత్తని బిళ్లలును ఇతరులకంటె ముందుగనే అరిగి నొప్పి కలిగించును. ఒక్కొక్కప్పుడు వెన్నుపామును సైతము నొక్కును. అందుచేత తలకు ఆనుడుగల కుర్చీని అమర్చుట, చదువునది కన్నుల యెత్తున నుంచుట, పనికి నడుమ విశ్రాంతి నిచ్చుట, శిక్షణ పొందినవారిచే తగిన వ్యాయామము చేయించుట నేడు వైద్యులు చెప్పు ఉపాయములు. బిగిసిన కండరములను సడలించు మందులును కలవు. చేతులలో క్రొత్తగా తిమ్మిరి పుట్టినను, నడక తగ్గినను, అది పాత వ్యాధియేయని యూరకుండక వెంటనే పరీక్ష చేయింపవలెను.

క్రిస్టీ ఆ నియమమునకు తలయొగ్గెను. తన్ను లోకముతో కలిపిన ఒక్క సాధనమును మేజోడులో దాచుకొనెను. ఇంటియందే వ్యాయామములు సాగెను. వంటగది ఇరుకుగా నుండుటచే తల్లి పెరటిలో వేరొక గది కట్టింప దలచెను. మగవారు తాత్సారము చేయగా ఆమెయే ఇటుకలు తెప్పించి పేర్చ మొదలిడెను. అది చూచి తండ్రియు, కొడుకులును తాపీలు పట్టి గదిని పూర్తిచేసిరి.

ఆ దినములలో క్రిస్టీ తన జీవితకథను చెప్పుచుండగా తమ్ముడు వ్రాసెడివాడు. అయినను లోనున్న భావమొకటి, కాగితము మీద పడిన మాట యొకటిగా నుండెను. ఒకనాడు సహింపలేక మేజోడును లాగివైచి, ఎడమకాలి వ్రేళ్లతో పెన్సిలు పట్టి వ్రాయ నారంభించెను. దేహమునకు కలుగు శ్రమ వానికి తెలియనిది కాదు. మాట లేక బ్రతుకుట అంతకంటె కష్టమని యెంచెను. అట్లని చికిత్సను విడువలేదు. కొన్ని భాగములను చెప్పి వ్రాయించుచు, కొన్నింటిని తానే వ్రాయుచు, కాలిస్ సలహాలతో మరల మరల దిద్దుచు గ్రంథమును ముగించెను. మై లెఫ్ట్ ఫుట్ అను ఆ స్వీయచరిత్రము 1954 లో వెలువడెను.

తరువాత క్రిస్టీ కాలివ్రేలితో టైపు చేయుచు, డౌన్ ఆల్ ద డేస్ అను నవలను రచించెను. 1970 లో ప్రచురింపబడిన ఆ నవల పెక్కు భాషలలోనికి అనువదింపబడెను. ఆయన కవితా సంపుటములును ప్రకటించెను. 1972 లో మేరీ కార్‌ను వివాహమాడెను. 1981 వ సంవత్సరము సెప్టెంబరులో, 49 వ యేట, ఇంగ్లండులో మరణించెను. ఆయన సమాధి డబ్లిన్ నగరమందలి గ్లాస్నెవిన్ శ్మశానవాటికలో నున్నది. స్వీయచరిత్రము ఆధారముగా 1989 లో తీసిన చలనచిత్రమున ఆయన పాత్ర ధరించిన డేనియల్ డే లూయిస్‌కు ఆస్కారు బహుమానము లభించెను.

పట్టుదల యొక్కటియే క్రిస్టీని నిలిపినదనుట సగము నిజము. తల నిలిపిన తల్లి చేయి, వ్రాసిపెట్టిన తమ్ముని ఓపిక, హెచ్చరించిన వైద్యుల జ్ఞానము ఆ పట్టుదలకు ఆధారములయ్యెను. అవయవలోపము కలవారు బాధను ఓర్చుకొనుట చూచి మెచ్చుకొనుట సులభము. ఆ బాధను తగ్గించు ఆధారమును సమకూర్చుట అంతకంటె గొప్ప కార్యము.