ఈశ్వరీబాయి: ఎల్లారెడ్డి రెండుసార్లు గెలిపించిన నాయకురాలు

బాన్సువాడ నియోజకవర్గానికి ఒకవైపు ఎల్లారెడ్డి, మరోవైపు జుక్కల్. జుక్కల్ నేటికీ ఎస్సీ రిజర్వుడు స్థానం. ఎల్లారెడ్డి కూడా ఒకప్పుడు రిజర్వుడు స్థానమేనన్న సంగతి, 1978 ఎన్నికల నాటికి ఆ హోదా పోయిందన్న సంగతి ఈ ప్రాంతపు విద్యార్థుల్లో చాలామందికి తెలియదు. అంతకు ముందు ఆ స్థానం వరుసగా మూడుసార్లు దళిత మహిళలనే శాసనసభకు పంపింది. 1962లో కాంగ్రెస్ నుంచి టి.ఎన్. సదాలక్ష్మి గెలిచారు. 1967లోనూ, 1972లోనూ జె. ఈశ్వరీబాయి గెలిచారు. ఈశ్వరీబాయి ఆ రెండుసార్లూ రెండు వేర్వేరు పార్టీల అభ్యర్థి, రెండుసార్లూ కాంగ్రెస్‌కు ప్రత్యర్థి. ఆమె జీవితాన్ని ఇప్పుడు గుర్తు చేసుకోవలసింది ఆ కారణం చేతనే.

1918 డిసెంబరు 1న సికింద్రాబాద్ చిలకలగూడలో ఒక మాల కుటుంబంలో ఆమె జన్మించారు. కీస్ హైస్కూల్లో చదువుకున్నారు. చిన్న వయసులోనే పుణెకు చెందిన దంతవైద్యునితో వివాహమైంది. ఆ కాపురం నిలవలేదు. బిడ్డతో పుట్టింటికి వచ్చి, బడిలో పాఠాలు చెబుతూ బతికారు. తెలుగుతోపాటు ఉర్దూ, హిందీ, మరాఠీ, ఇంగ్లిష్ భాషలు ఆమెకు వచ్చు. సభల్లో ఎదుటివారికి ఆమె అంటే బెరుకు కలగడానికి ఈ భాషాబలం కూడా ఒక కారణమే.

ఆమె రాజకీయాల్లోకి వచ్చేనాటికి హైదరాబాద్ దళిత రాజకీయం చీలి ఉంది. భాగ్యరెడ్డి వర్మ 1939లో మరణించాక ఆదిహిందూ ఉద్యమ వారసత్వం ఒకచోట నిలవలేదు. బి.ఎస్. వెంకట్రావు, శ్యాంసుందర్ నిజాం పక్షాన, ముస్లింలతో ఐక్యతలో దారి వెతికారు. జె.హెచ్. సుబ్బయ్య వంటివారు అంబేడ్కర్ షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్‌ను నడిపారు. కొందరు స్టేట్ కాంగ్రెస్‌లోకి వెళ్లారు. పల్లెల్లో వెట్టిచాకిరీ కింద నలిగినవారు ఆంధ్రమహాసభ సంఘంలో చేరి ఎర్రజెండా పట్టారు. వీటిని అవకాశవాదమని కొట్టిపారేయడం చరిత్ర తెలియనివారికి సులువు. సొంత బలం చాలని జనం తోడు ఎవరన్నది వెతుక్కున్న దారులవి. ఈశ్వరీబాయి ఫెడరేషన్‌ను ఎంచుకున్నారు. 1950ల తొలినాళ్లలో చిలకలగూడ నుంచి పురపాలక సభ్యురాలయ్యారు.

అంబేడ్కర్ మరణించిన మరుసటి ఏడాది, 1957లో, ఆయన తలపెట్టిన రిపబ్లికన్ పార్టీ ఏర్పడింది. ఫెడరేషన్ ఎస్సీలకే పరిమితం. కొత్త పార్టీ అణగారిన కులాలన్నిటినీ కలుపుకోవాలన్నది ఉద్దేశం. 1913 నుంచి 1916 వరకు న్యూయార్క్‌లో చదివి, 1946లో నల్లజాతి మేధావి డుబాయిస్‌కు లేఖ రాసిన అంబేడ్కర్‌కు అమెరికా అనుభవం కొత్త కాదు. అక్కడ అంతర్యుద్ధం తర్వాత దాదాపు డెబ్బై ఏళ్లు, ఓటు వేయగలిగిన నల్లజాతివారు లింకన్ పార్టీ అయిన రిపబ్లికన్ల వెంటే నిలిచారు. ఆర్థికమాంద్యం దెబ్బ తిన్నాక, 1936 నాటికి, వారిలో అధికులు రూజ్‌వెల్ట్ వైపు తిరిగారు. 1964 పౌరహక్కుల చట్టం తర్వాత ఆ మొగ్గు స్థిరపడింది. అదే చట్టం మీది ఆగ్రహంతో దక్షిణాది శ్వేతజాతి ఓటర్లు క్రమంగా ఎదుటి పార్టీలోకి సాగిపోయారు. ఒక పార్టీ తనదేనని లెక్కకట్టుకున్న ఓటుకు ఆ పార్టీ దగ్గర బేరమాడే శక్తి ఎంత ఉంటుందన్నది అక్కడ నేటికీ తెగని చర్చ. ఇక్కడ జోడెద్దుల గుర్తు కింద హరిజన ఓటును కాంగ్రెస్ లెక్కకట్టుకున్నదీ అలాగే.

ఆ లెక్క 1967లో ఎల్లారెడ్డిలో తప్పింది. ప్రత్యర్థి సామాన్యురాలు కాదు. సదాలక్ష్మి సంజీవయ్య మంత్రివర్గంలో పనిచేసిన నాయకురాలు, స్వతంత్రంగా ఆలోచించే మనిషి. పూనా ఒడంబడిక నాటినుంచీ రిజర్వుడు స్థానంలో అభ్యర్థి దళితులైనా గెలుపును తేల్చేది అక్కడి మొత్తం ఓటర్లు. భూమి, పట్వారీగిరీ, పటేల్‌గిరీ ఉన్న కులాల అండ సాధారణంగా పాలకపక్షానికే దక్కుతుంది. అటువంటి చోట నగరం నుంచి వచ్చిన చిన్నపార్టీ అభ్యర్థి నెగ్గడం విశేషమే. ఒకరు మాల, మరొకరు మాదిగ కనుక ఆ పోటీని నేటి కళ్లతో ఉపకులాల పోరుగా చదవాలనిపించవచ్చు. రెండేళ్లు తిరక్కుండానే ఆ ఇద్దరూ ఒకే ఉద్యమంలో నిలిచారని మరిచిపోకూడదు.

ఈలోగా 1968 ఫిబ్రవరిలో కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుణ్ణి దొంగతనం నెపంతో స్తంభానికి కట్టి సజీవదహనం చేశారు. ఆ దారుణంపై శాసనసభలో గట్టిగా నిలదీసినవారిలో ఈశ్వరీబాయి ముందున్నారు. హరిజనులను కించపరుస్తూ మాట్లాడిన ఒక మంత్రికి ఆమె చెప్పు చూపించారని ఇప్పటికీ చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ చెప్పుకన్నా, తన నియోజకవర్గానికి ఎంతో దూరంలో, ఆంధ్ర ప్రాంతంలో జరిగిన హత్య కోసం ఆమె ఆ సభను స్తంభింపజేయడానికి వెనకాడకపోవడమే పెద్ద విషయంగా తోస్తుంది. మరుసటి ఏడాదే ఆమె ప్రత్యేక తెలంగాణ కోరారు. ప్రాంతాన్ని కోరడం వేరు, పక్క ప్రాంతపు దళితుణ్ణి పరాయివాడనుకోవడం వేరు.

1969 ఉద్యమం ముల్కీ నిబంధనల మీద, పెద్దమనుషుల ఒప్పందం ఉల్లంఘన మీద, తెలంగాణ మిగులు నిధుల మీద నడిచింది. అవి ప్రధానంగా విద్యార్థుల, ఉద్యోగుల సమస్యలు. సెంటు భూమి లేని కూలీకి ఇందులో ఏముందన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి ఆధారం అంబేడ్కర్ దగ్గరే ఉంది. 1955లో భాషారాష్ట్రాలపై రాసిన పుస్తకంలో ఆయన, పెద్ద భాషారాష్ట్రంలో సంఖ్యాబలం గల ఒకటి రెండు భూస్వామ్య కులాల పెత్తనం చిన్న కులాలను అణగదొక్కుతుందని హెచ్చరించి, చిన్న రాష్ట్రాలవైపు మొగ్గారు. రిపబ్లికన్ నాయకురాలు తెలంగాణ ప్రజాసమితిలోకి రావడం ఈ దృష్టితో చూస్తే దారి తప్పడం కాదు.

1971 లోక్‌సభ ఎన్నికల్లో సమితి తెలంగాణలోని 14 స్థానాల్లో 10 గెలిచింది. అదే ఏడాది మర్రి చెన్నారెడ్డి దాన్ని కాంగ్రెస్‌లో కలిపేశారు. ఓట్లు వేసిన జనాన్ని ఎవరూ అడగలేదు. ఒప్పుకోనివారు సంపూర్ణ తెలంగాణ ప్రజాసమితిగా మిగిలారు. 1972లో ఆ పార్టీ తరఫున శాసనసభలో అడుగుపెట్టింది ఒక్కరే, ఎల్లారెడ్డి నుంచి ఈశ్వరీబాయి. అగ్రకుల నాయకత్వం తలుపులు మూసుకుని రాజీపడిన తర్వాత ఆ నినాదాన్ని సభలో మోసే పని ఒక దళిత మహిళ మీద పడింది. తెలంగాణ ఉద్యమ చరిత్రల్లో ఈ ఘట్టానికి దక్కే చోటు ఎంతో పాఠకులే చూసుకోవచ్చు.

ఆమె రాజకీయంలో లోటు లేదనను. రెండు గెలుపుల తర్వాత కూడా ఎల్లారెడ్డి పల్లెల్లో ఆమె వెనక నిలిచే సంస్థ మిగల్లేదు. రిపబ్లికన్ పార్టీ చీలికలతో చితికింది. సంపూర్ణ సమితి మాయమైంది. నియోజకవర్గాల పునర్విభజనలో రిజర్వేషన్ ఎల్లారెడ్డిని దాటిపోయింది. వ్యక్తి ధైర్యం మీద నిలిచిన స్వతంత్ర రాజకీయం ఆ వ్యక్తి పక్కకు తప్పుకోగానే ఖాళీ అయింది. సదాలక్ష్మి చివరి దశలో మాదిగ దండోరాకు అండగా నిలిచి, వర్గీకరణ చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టివేయడానికి కొద్ది నెలల ముందు, 2004 జులైలో కన్నుమూశారు. ఆమె వెనక కనీసం ఒక ఉద్యమం ఉంది.

ఈశ్వరీబాయి కుమార్తె డాక్టర్ జె. గీతారెడ్డి 1989లో గజ్వేల్ నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు, తర్వాత మంత్రి అయ్యారు. ఆమె పార్టీ కాంగ్రెస్. ఆ ఎన్నికల తర్వాత ముఖ్యమంత్రి అయింది చెన్నారెడ్డే. అప్పటికి ఈశ్వరీబాయి బతికే ఉన్నారు. 1991 ఫిబ్రవరిలో ఆమె మరణించారు.