వాలేస్ కరోథర్సు

అనంతపురము జిల్లా రాయలసీమ పీఠభూమిలో మిక్కిలి తక్కువ వాన కురియు ప్రదేశము. అచట సంవత్సరమునకు సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. రబ్బరు చెట్టునకు దానికి మూడు నాలుగు రెట్లు వాన కావలెను. కావుననే ఆ చెట్టు కేరళమున పెరుగును గాని పెన్నానది ఒడ్డున పెరుగదు. అయినను వేరుసెనగ కాయలనొలుచు యంత్రమునకు రబ్బరు బెల్టు కావలెను. లారీ ఇంజనునకు రబ్బరు గొట్టములు కావలెను. ఆ మండుటెండలో చెట్టుపాల రబ్బరు త్వరగా బీటలు వారును. ఇంజను నూనె తగిలినచో ఉబ్బి మెత్తబడును. ఎండకును నూనెకును చాలవరకు ఓర్చుకొనగల వేరొక రబ్బరును శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో సృష్టించిరి. దాని పేరు నియోప్రీను. దాని పుట్టుకకు కారకులైన వారిలో ముఖ్యుడు అమెరికా రసాయన శాస్త్రవేత్త వాలేస్ హ్యూమ్ కరోథర్సు.

ఆయన 1896వ సంవత్సరము ఏప్రిల్ 27వ తేదీన అయోవా రాష్ట్రములోని బర్లింగ్టను పట్టణమున జన్మించెను. నలుగురు సంతానములో ఆయనయే జ్యేష్ఠుడు. తండ్రి ఒక వాణిజ్య కళాశాలలో ఉపాధ్యాయుడు. కరోథర్సు మొదట ఆ కళాశాలలోనే పద్దులు వ్రాయు విద్య నేర్చెను. 1915లో మిస్సోరీ రాష్ట్రమునందలి టార్కియో కళాశాలలో చేరి, అచటి వాణిజ్య శాఖలో పాఠములు చెప్పుచు తన చదువు సాగించుకొనెను. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఆ కళాశాలలో రసాయన శాస్త్రము బోధించు ఆచార్యుడు వెడలిపోగా, ఇంకను విద్యార్థిగానున్న కరోథర్సునకే ఆ బోధన అప్పగించిరి. ఆయన ప్రజ్ఞపై పెద్దలకు గల నమ్మకము అట్టిది. 1924లో ఇల్లినాయి విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొంది, 1926లో హార్వర్డు విశ్వవిద్యాలయమున బోధకుడయ్యెను.

ఆ దినములలో రసాయన శాస్త్రజ్ఞుల నడుమ ఒక పెద్ద వివాదము నడచుచుండెను. రబ్బరు, పట్టు, ప్రత్తి మొదలగు వస్తువులు దేనితో నిర్మితములు? చిన్న అణువులు గుంపులుగా చేరి అట్లు కనబడుచున్నవని పెక్కుమంది తలచిరి. అట్లు గాదు, అవి వేలకొలది పరమాణువులు వరుసగా కూడి ఏర్పడిన పొడవైన గొలుసులని జర్మనీ దేశీయుడైన స్టౌడింగరు వాదించెను. కరోథర్సు ఈ వివాదమును తీర్చుటకు ఒక చక్కని మార్గమును ఆలోచించెను. రెండు కొసలను కొక్కెములవంటి భాగములు గల చిన్న అణువులను తీసికొని, తెలిసిన రసాయన చర్యలచేతనే ఒకదానితో నొకటి తగిలించుచు పోయినచో, గొలుసును మన చేతులతోనే కట్టినట్లగును గదా! 1928లో డూపాంటు కంపెనీ ఆయనను విల్మింగ్టను పట్టణములోని తన ప్రయోగశాలకు పిలిచి, ఈ పరిశోధన సాగించుటకు అవకాశము కల్పించెను.

ఇంతలో వేరొక దారి తెరచుకొనెను. నోటర్‌డామ్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన న్యూలాండు అను మతగురువు ఎసిటిలీను వాయువునుగూర్చి చిరకాలము పరిశోధించెను. సున్నమును బొగ్గుతో మిక్కిలి వేడిచేసి కార్బైడు తయారుచేయుదురు. దానిపై నీరు పడిన వెలువడునదే ఎసిటిలీను. ఆ వాయువునుండి పుట్టిన పదార్థములను కరోథర్సు బృందము పరీక్షించుచుండెను. 1930 ఏప్రిల్ మాసమున ఆ బృందములోని కాలిన్సు ఒక క్రొత్త ద్రవమును వేరుచేసెను. కొన్ని దినములు నిలువయుంచగా అది తనంతట తానే గట్టిపడెను. ఆ ముద్దను బల్లపై వేయగా బంతివలె పైకెగిరెను. ఆ ద్రవమే క్లోరోప్రీను. ఆ ముద్దయే నియోప్రీనునకు మొదటి రూపము.

ఆ ముద్ద దొరకుట యాదృచ్ఛికమే కావచ్చును. కాని దాని రహస్యమును విప్పుటకు కరోథర్సు సిద్ధాంతము తోడ్పడినది. చెట్టుపాల రబ్బరు గొలుసులో ప్రతి కడియమును ఐసోప్రీను అణువునుండి ఏర్పడినది. ఐసోప్రీనులో ఒక కర్బన పరమాణువును మూడు ఉదజని పరమాణువులును కూడిన చిన్న గుంపు ఒకటి కలదు. క్లోరోప్రీనులో ఆ గుంపునకు బదులుగా ఒక క్లోరిన్ పరమాణువున్నది. భేదమింతయే, కాని గుణములు మారిపోయినవి. ఆ క్లోరిన్ బరువు మొత్తములో నూటికి 40 వంతులు. దాని బలముచేతనే నియోప్రీను నూనెలో అంతగా ఉబ్బదు. ఎండకును గాలికిని త్వరగా బీటలు వారదు. నిప్పు తగిలిన కాలినను, నిప్పు తీసినంతనే సాధారణముగా మంట ఆరిపోవును. చెట్టుపాల రబ్బరును గట్టిపరచుటకు గంధకము కలుపుదురు; దీనికి జింకు, మెగ్నీషియము ఆక్సైడులను వాడుదురు.

1931 నవంబరులో ఈ రబ్బరును లోకమునకు ప్రకటించిరి. ఇది చెట్టుపాల రబ్బరుకన్న ఖరీదైనది. మిక్కిలి చలిలో బిరుసెక్కును. కావున అన్ని చోట్లను దాని స్థానము నాక్రమింపలేదు. అది తట్టుకొనలేని చోట్ల మాత్రము ఇది నిలిచెను. పెట్రోలు గొట్టములు, యంత్రముల బెల్టులు, విద్యుత్తు తీగెల పై తొడుగులు, చెప్పులనంటించు జిగురు, సముద్రమున మునుగువారి దుస్తులు దీనితో తయారగుచున్నవి. వంతెన స్తంభములకును పై దూలములకును నడుమ దీని దిమ్మెలను ఉంచుదురు. పగటి యెండకు దూలములు సాగి, రాత్రి చల్లదనమునకు కుంచించుకొనునపుడు ఆ దిమ్మెలు వంగి లేచుచు వంతెనను కాపాడును. అయితే క్లోరోప్రీను ఆవిరి ఆరోగ్యమునకు హానికరము. కావున దానిని తయారుచేయు కర్మాగారములు మిక్కిలి జాగ్రత్త వహింపవలసియున్నది.

కరోథర్సు అంతటితో ఆగలేదు. గొలుసులను కట్టు తన పద్ధతిచేతనే 1935 ఫిబ్రవరిలో నైలానును సాధించెను. 1936లో అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తు ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను. పరిశ్రమలో పనిచేయు కర్బన రసాయన శాస్త్రజ్ఞునికి ఆ గౌరవము లభించుట అదియే మొదటిసారి. ఆ సంవత్సరముననే ఆయన హెలెన్ స్వీట్‌మన్‌ను వివాహమాడెను.

కాని యౌవనమునుండియు ఆయనను తీవ్రవిషాదమను మనోవ్యాధి పీడించుచుండెను. లోకము మెచ్చుకొనుచున్నను, తనకు క్రొత్త ఆలోచనలు నశించినవనియు, తాను విఫలుడననియు ఆయన భావించెను. 1937 జనవరిలో ప్రియసోదరి ఇసొబెల్ మరణించుటతో ఆ దుఃఖము మఱింత పెరిగెను. ఆ వ్యాధికి తగిన ఔషధములు నాటికి లేవు. 1937 ఏప్రిల్ 29వ తేదీన, 41 ఏండ్ల వయస్సున, ఆ వ్యాధికే ఆయన బలియయ్యెను. కుమార్తె జేను తండ్రి పోయిన ఏడు నెలలకు పుట్టెను. నైలాను విపణికి రాకమునుపే ఆయన కన్నుమూసెను.

నేడు ఆ వ్యాధికి చికిత్స కలదు. జ్వరము వచ్చినపుడు వైద్యుని చూచునట్లే, మనస్సు క్రుంగినపుడును పెద్దలకును వైద్యునికిని చెప్పుకొనవలెను. దానిని దాచుకొనుట తగదు. కరోథర్సు తన పనికి తాను కట్టిన వెల తప్పు. ఆయన పరిశోధనలనుండి పుట్టిన వస్తువులు నేటికిని వంతెనల క్రింద బరువు మోయుచు, యంత్రములను త్రిప్పుచు, ఆ తప్పును దిద్దుచున్నవి.